సవతుల చెలమలు, సుంగ్‌బో కందకం: యొరుబా సీమలో మనకు తెలియని చోట్లు

ఆఫ్రికా అనగానే మీకేం గుర్తొస్తుంది? సింహాలు, ఏనుగులు, ఎడారి... అంతే కదూ? ఇక నైజీరియా అంటే చెప్పనే అక్కర్లేదు. "అక్కడ చూడ్డానికేముంటుందమ్మా, గడప దాటకుండా జాగ్రత్తగా ఉండు" అని మా అత్తగారు చెప్పి మరీ విమానం ఎక్కించారు. నేనూ బుద్ధిగా నాలుగేళ్ళపాటు గడప దాటలేదు.

మావారికి ఇబాదాన్‌లో ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మేమొచ్చి పదకొండేళ్ళయింది. ఎత్తయిన ప్రహరీగోడ, ఇనప గేటు, గేటు దగ్గర కాపలా మనిషి, కరెంటు పోతే జనరేటరు. ఇదీ నా లోకం. నెలకోసారి లేగోస్ వెళ్ళి మన పప్పులూ, చింతపండూ తెచ్చుకోవడమే నాకు తీర్థయాత్ర.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాకు పిల్లలు లేరు. ఈ దేశంలో పెళ్ళయిన ఆడదాన్ని పేరుపెట్టి పిలవరు. మన పల్లెటూళ్ళలో "రాముడమ్మ" అన్నట్టే, "ఇయా" అనే మాటకి బిడ్డ పేరు చేర్చి పిలుస్తారు. ఇయా అంటే అమ్మ. కొత్తగా పరిచయమైన ప్రతి ఆవిడా "నువ్వెవరి అమ్మవి?" అని అడిగేది. వాళ్ళ మనసులో ఏ దురుద్దేశం లేదు, మనం "పిల్లలెంతమంది?" అని అడిగినట్టే. కానీ నేను మాత్రం మెల్లగా గేటు దగ్గరికి వెళ్ళడం కూడా మానేశాను.

నన్ను బయటికి లాగింది పక్కింటి టీచరమ్మ. ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దావిడ. ఒక శనివారం పొద్దున్నే గిన్నెతో వేడివేడి అకారా పట్టుకొచ్చింది. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నూనెలో వేస్తారు. అచ్చం మన బొబ్బర గారె, మధ్యలో చిల్లు లేదంతే! నేను సంబరపడి చెబితే ఆవిడ నవ్వి, "అబూరో, మా దేశం వచ్చి నాలుగేళ్ళయింది. మా గేటు మాత్రమే చూసి వెళ్ళిపోతావా?" అంది. అబూరో అంటే చెల్లెలు. ఆ మాటతోనే మా తిరుగుడు మొదలైంది.

యొరుబా సీమ అంటే నైజీరియాకి నైరుతి మూల. లేగోస్, ఒగున్, ఓయో, ఒషున్, ఒండో, ఎకిటి రాష్ట్రాలు, క్వారాలో కొంత భాగం. వచ్చినవాళ్ళు లేగోస్ సముద్రపొడ్డు చూస్తారు, మరీ ఓపికుంటే అబెయొకుటా ఊళ్ళో ఒలుమో బండ ఎక్కుతారు. అక్కడితో సరి. లోపలి చోట్లకి ఆ దేశంవాళ్ళే తక్కువ వెళతారు. నాకు విచిత్రంగా తోచిందేమిటంటే, మేం వెళ్ళిన దాదాపు ప్రతి చోటా ఒక ఆడమనిషి కథ ఉంది. వరసగా చెబుతాను వినండి.

పెంకులతో పేర్చిన నేల – ఇలే-ఇఫే

ఇబాదాన్‌కి తూర్పున రోడ్డు మీద ఒక పూట ప్రయాణం కూడా లేదు ఇఫే. మనకి కాశీ ఎలాగో యొరుబావాళ్ళకి ఇఫే అలాగ. భూమి పుట్టిందే అక్కడ అంటారు. అక్కడి రాజుని ఊని అని పిలుస్తారు. కోట ఆవరణ పక్కన మ్యూజియం ఉంది. 1938లో ఒక ఇంటికి పునాది తవ్వుతుంటే లోహంతో పోతపోసిన తలలు బయటపడ్డాయి. వందల ఏళ్ళ నాటివి. ముఖాల మీద సన్నటి గీతలు, ప్రాణం ఉట్టిపడే కళ్ళూ పెదవులూ. వాటిలో ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

తలల గురించి పుస్తకాల్లో రాస్తారు. నాకు నచ్చింది మాత్రం నేల! మనం కుండ పగిలితే పెంకులు ఊడ్చి పారేస్తాం కదా? వాళ్ళు ఆ పెంకుల్నే అంచు పైకొచ్చేలా నిలువుగా, పక్కపక్కనే మట్టిలో గుచ్చి వాకిళ్ళూ దారులూ పరిచారు. వరసలు ఏటవాలుగా, జడ అల్లినట్టు ఉంటాయి. మధ్యమధ్య తెల్ల గులకరాళ్ళ వరస. వాకిట్లో ముగ్గు చెరిగిపోకుండా ఉండిపోయినట్టనిపించింది నాకు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటివవి.

వాటి వెనక కథేమిటంటే, పూర్వం లువో అనే ఆవిడ ఇఫేకి ఊనిగా ఉండేదట. ఊనిల వరసలో ఆడమనిషి ఆవిడొక్కతే అని చెబుతారు. కాళ్ళకి బురదంటితే, బట్టల అంచు మాసిపోతే ఆవిడకి పట్టరాని కోపమట. అందుకని తప్పు చేసినవాళ్ళకి శిక్షగా ఊరంతా పెంకులు పరిపించిందట. "ఆడది రాజైతే ముందు చేసే పని వాకిలి బాగుచేయడమే" అన్నాను నేను. టీచరమ్మ పడీపడీ నవ్వింది.

కానీ చాలా నేలలు కొత్త ఇళ్ళ కిందా, రోడ్ల కిందా పోయాయి. ఒక సందులో పెంకుల వరస మీంచే మోటారుసైకిళ్ళు పోతున్నాయి. అది చూస్తే మనసు చివుక్కుమంది. మన ఊళ్ళలో శాసనం రాళ్ళు చాకిరేవులో బండలైపోయినట్టే కదా!

ఊళ్ళో ఇంకో ఆవిడ విగ్రహం కూడా చూడాలి, మోరెమి. ఊరిమీదికి పదేపదే వచ్చే శత్రువుల గుట్టు తెలుసుకోవడానికి కావాలని వాళ్ళకి చిక్కి, రహస్యం పట్టుకుని తిరిగొచ్చి ఊరిని కాపాడింది. మొక్కు ప్రకారం ఏరుకి తన ఒక్కగానొక్క కొడుకునే ఇచ్చుకోవలసి వచ్చిందట. 2016లో 42 అడుగుల విగ్రహం పెట్టారు. ఆ కథ విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

ఏడు అంచెల జలపాతం – ఎరిన్-ఇజేషా

ఇఫే నుంచి ఇలేషా దాటి అకురే వెళ్ళే దారిలో ఎరిన్-ఇజేషా అనే ఊరుంది. ఊరికి కాస్త అవతల ఒలుమిరిన్ జలపాతం. ఒక్కసారిగా దూకే నీళ్ళు కావు, ఏడు అంచెలుగా కొండ దిగి వస్తాయి. మొదటి అంచె దాకా నడక తేలికే, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా వెళతారు. రెండోది దాటాక వేళ్ళూ, రాళ్ళూ పట్టుకుని పాకాలి.

ఈ ఊరు కట్టిందీ, జలపాతం కనిపెట్టిందీ అకిన్లా అనే ఆవిడ అని అక్కడివాళ్ళు చెబుతారు. యొరుబాల మూలపురుషుడు ఒదుదువాకి మనవరాలట. ఇఫే నుంచి తనవాళ్ళని వెంటబెట్టుకుని కొత్త చోటు వెతుక్కుంటూ వచ్చి, నీళ్ళ చప్పుడు విని ఇక్కడ ఆగిందట. ఇల్లు ఎక్కడ కట్టాలన్నా ముందు నీళ్ళెక్కడ అని చూసేది మనమే కదండీ!

నేను తెలివితక్కువగా మామూలు రబ్బరు చెప్పులతో వెళ్ళాను. మూడో అంచె దగ్గర చెప్పు పట్టీ తెగింది, జారి మోకాలు కొట్టుకుంది. పైనుంచి దిగుతున్న ముక్కూమొహం తెలియని కాలేజీ పిల్లలంతా "పెలె, పెలె" అన్నారు. తప్పు వాళ్ళది కాకపోయినా, ఎదుటివాళ్ళకి నొప్పి కలిగితే అనే మాట అది. "అయ్యో పాపం" అన్నట్టు. అందులో ఒక అమ్మాయి తన సంచీలోని చెప్పులు నాకిచ్చి తను ఒట్టికాళ్ళతో దిగింది. వద్దన్నా వినలేదు. పత్రికల్లో నైజీరియా గురించి ఏవేవో రాస్తారు, ఈ చెప్పుల సంగతి మాత్రం ఎవరూ రాయరు.

వేడి నీళ్ళు, చన్నీళ్ళు – ఇకొగొసి

అక్కడి నుంచి ఎకిటి కొండల్లోకి వెళితే ఇకొగొసి. చుట్టూ దట్టమైన అడవి, మధ్యలో రెండు ఊటలు. ఒకటి వేడిది, ఒకటి చల్లది. రెండూ వేరేవేరే పారుతూ వచ్చి ఒకచోట కలుస్తాయి. కలిసేచోట ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెట్టి నిలబడితే ఒక పాదానికి వేడి, ఒక పాదానికి చలి! వేడి అన్నానని మరిగే నీళ్ళనుకునేరు. మన ఒంటి వేడి అంత, పసిపిల్లలకి స్నానానికి కాచినంత. 1950లలో ఒక అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఇక్కడ విడిది కట్టించాక బయటివాళ్ళకి తెలిసింది.

దీనికీ కథ ఉంది. ఒక వేటగాడికి ఇద్దరు పెళ్ళాలు. పెద్దావిడ కోపిష్టి, చిన్నావిడ నెమ్మదస్తురాలు. రోజూ కీచులాటలే. చివరికి ఇద్దరూ రెండు ఊటలై పారారట. కోపిష్టావిడ వేడిది, నెమ్మదస్తురాలు చల్లది. బతికుండగా కలవనివాళ్ళు నీళ్ళయ్యాక కలిసి పోతున్నారు.

ఆ రాత్రి మేం అక్కడే ఉన్నాం. తెల్లవారుజామున మంచు పడుతుంటే స్నానానికి బయల్దేరాం. జనమంతా ఏ నీళ్ళలో దిగారనుకున్నారు? వేడి నీళ్ళలోనే! టీచరమ్మ మెడదాకా మునిగి, "చూశావా, అందరూ తిట్టింది కోపిష్టావిడని, చలేస్తే అందరికీ కావలసిందీ ఆవిడే" అంది. మనిళ్ళలో కూడా గట్టిగా మాట్లాడే ఆవిడకి పేరు రాదు, పని మాత్రం ఆవిడ చేతిమీదే అవుతుంది. కాదంటారా?

దగ్గర్లోనే ఇపోలే-ఇలోరో ఊళ్ళో అరింతా అనే ఇంకో జలపాతం ఉంది. వీలుంటే అదీ చూడొచ్చు. ఎకిటిలో ఉండగా ఇయాన్ తినడం మరిచిపోకండి. ఉడికించిన పెండలం రోట్లో వేసి ఇద్దరు ముగ్గురు రోకళ్ళతో దంచుతారు. మెత్తగా, తెల్లగా, మన సంగటి ముద్దలా వస్తుంది. ఆకుకూర పులుసులో నంజుకుని మింగడమే. శాకాహారులు మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. చేప లేకుండా పులుసు చేయడం వాళ్ళకి వింత.

667 మెట్లపైన పాత ఊరు – ఇదాన్రే

మూడోరోజు ఒండో రాష్ట్రంలో అకురే మీదుగా ఇదాన్రే వెళ్ళాం. అల్లంత దూరం నుంచే నల్లటి, నున్నటి బండకొండలు. భువనగిరి కొండ చూశారా? అలాంటివి పదుల కొద్దీ పక్కపక్కన నిలబెడితే ఎలా ఉంటుందో అలా. కొండమీదికి 667 మెట్లు. మధ్యమధ్య కూర్చోవడానికి మంటపాలున్నాయి.

పైకెక్కితే ఊరుంది. మనుషుల్లేని ఊరు. వందల ఏళ్ళపాటు శత్రువుల భయంతో జనం కొండమీదే కాపురమున్నారు. నీళ్ళూ, కట్టెలూ, ధాన్యం అంతా ఎత్తు మీదికి మోసుకునే. 1920లలో గాని కిందికి దిగలేదు. రాజుగారి పాత ఇల్లు, చెక్కిన కొయ్య స్తంభాలు, న్యాయస్థానం, 1896 నాటి బడి, సమాధులు... అన్నీ అలాగే ఉన్నాయి. బండమీద ఎవరూ చదవలేని రాతలున్నాయి. అగ్‌బోగున్ అడుగు అనే పాదముద్ర ఉంది. ఎవరి పాదం పెట్టినా, చిన్నదైనా పెద్దదైనా అందులో సరిపోతుందట, మంత్రగత్తెల పాదం తప్ప! నేను భయపడుతూనే పెట్టాను. సరిపోయింది లెండి.

కొండల్లో ఒక శిఖరానికి ఒరొసున్ అని పేరు. ఆవిడ ఒకప్పుడు మామూలు స్త్రీయే, ఇప్పుడు దేవతగా కొలుస్తారు, ఏటా జాతర చేస్తారు. మన పేరంటాళ్ళ కథలు గుర్తొచ్చాయి నాకు.

పాత ఇళ్ళ దగ్గర మట్టిగోడలు కరిగిపోతున్నాయి. కప్పు లేని గదిలో మూడు రాళ్ళ పొయ్యి కనిపించింది. మసి ఇంకా వదల్లేదు. ఆ పొయ్యి ముందు కూర్చుని వండిన ఆవిడ ఎవరో, రోజుకెన్నిసార్లు నీళ్ళకి దిగి ఎక్కేదో! 2007లో ఈ కొండల్ని యునెస్కో వారసత్వ జాబితాకి పరిశీలించే వరసలో చేర్చారు. ఆ మాటకేం గాని, ముందు ఆ గోడలకి కప్పు వేస్తే బావుణ్ణు.

ఇంటింటా కవలలు – ఇగ్‌బో-ఒరా

ఇబాదాన్‌కి పడమర వైపున్న ఈ ఊరికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. ఎందుకంటే అది కవలల ఊరు. యొరుబాల్లో కవలలు ఎక్కువ, ఈ ఊళ్ళో మరీ ఎక్కువ. ప్రతి వెయ్యి కాన్పుల్లో 45 నుంచి 50 దాకా కవలలని లెక్కలు కట్టారు. మిగతా దేశాల్లో అది పది పదిహేనే. ఊరివాళ్ళనడిగితే బెండాకు కూర తినడం వల్ల అంటారు, పెండలం వల్ల అంటారు. సైన్సువాళ్ళు మాత్రం ఇదమిత్థమని తేల్చలేదు. 2018 నుంచి కవలల పండగ కూడా చేస్తున్నారు.

కవలలకి పేర్లు వెతుక్కునే పనిలేదు. ముందు పుట్టిన బిడ్డ తైవో, తరవాతి బిడ్డ కెహిందే. ముందు వచ్చినవాళ్ళే పెద్ద అనుకుంటాం కదా? వీళ్ళకి తిరకాసు. "లోకం ఎలా ఉందో రుచి చూసి రా" అని పెద్దబిడ్డ చిన్నబిడ్డని ముందు పంపిస్తుందట. అందుకని వెనక పుట్టిన కెహిందేనే పెద్ద!

ఊళ్ళో ఒకావిడ ఇద్దర్నీ మోయలేక ఒక పాపని తీసి నా చేతుల్లో పెట్టింది. ఎవరమ్మని, ఎక్కడిదానినని ఏమీ అడగలేదు. గంటసేపు ఆవిడ బజారు చేసుకుంది, పాప నా భుజం మీద నిద్రపోయింది. నా చీర తడిపేసింది కూడా!

ఒషున్ అమ్మవారి వనం – ఒషొగ్బో

పూర్వం యొరుబా ఊళ్ళన్నిటికీ పొలిమేరలో ఒక దేవుడి వనం ఉండేదట. చెట్టు కొట్టకూడదు, వేటాడకూడదు. ఇప్పుడు అంత పెద్దది దాదాపు ఇదొక్కటే మిగిలింది. ఒషొగ్బో ఊరి అంచున ఒషున్ నది ఒడ్డున 75 హెక్టార్ల అడవి. ఒషున్ అంటే నదీదేవత, సంతానమిచ్చే తల్లి. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

ఈ వనం మిగలడం వెనక కూడా ఒకావిడ ఉంది. పేరు సుసాన్ వెంగర్, ఆస్ట్రియా దేశపు చిత్రకారిణి. 1950లో భర్తతో నైజీరియా వచ్చింది. పెద్ద జబ్బు చేసి కోలుకుంది. ఆ తరవాత యొరుబా దేవతల కొలువులో దీక్ష తీసుకుని ఇక్కడే ఉండిపోయింది. వనంలో చెట్లు కొట్టేసి భూమి ఆక్రమిస్తుంటే అడ్డుపడింది. ఊరి తాపీమేస్త్రీలనీ, వడ్రంగులనీ కూడగట్టి పాడైన గుళ్ళు బాగుచేయించి, సిమెంటుతో, మట్టితో పెద్దపెద్ద విగ్రహాలు కట్టించింది. చెట్ల మధ్య చేతులు చాచుకుని నిలబడ్డ ఆ విగ్రహాలు మొదట చూస్తే కాస్త భయమేస్తుంది, కాసేపటికి చుట్టాల్లా అనిపిస్తాయి. ఊరివాళ్ళు ఆవిడని అదున్ని అని పిలుచుకున్నారు. ఎందరో యొరుబా పిల్లల్ని పెంచుకుంది. 2009 జనవరిలో 93 ఏళ్ళ వయసులో ఆ ఊళ్ళోనే కన్నుమూసింది.

ఆగస్టులో రెండువారాల జాతర. చివరి రోజున పెళ్ళికాని ఒక అమ్మాయి నైవేద్యాలున్న బుర్ర తలమీద పెట్టుకుని ఊళ్ళోంచి నది దాకా నడుస్తుంది. మన బోనాలు కళ్ళముందు కదిలాయి నాకు. జనం తమ కోరికలు ఆ అమ్మాయి వెంట పంపిస్తారు. పిల్లల్లేనివాళ్ళు నది ఒడ్డున మొక్కుకుంటారు, కిందటేడు మొక్కి బిడ్డ పుట్టినవాళ్ళు బిడ్డతో వస్తారు.

టీచరమ్మ చుట్టాలు నన్ను ముందుకు తోశారు. "నువ్వూ అడుగు" అన్నారు. నాకప్పుడు నలభై దాటాయి. నాగప్రతిష్ఠలు, రావిచెట్టు ప్రదక్షిణలు, హైదరాబాదులో ఆస్పత్రులు అన్నీ అయిపోయాయి. చేతులు జోడించాను గాని నోరు రాలేదు. నీళ్ళకేసి చూస్తూ ఊరికే నిలబడ్డాను. పెళ్ళయ్యాక ఏ దేవత ముందయినా ఏమీ అడక్కుండా నిలబడడం అదే మొదటిసారి. చాలా తేలిగ్గా అనిపించింది. అంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలీదు.

ఒక జాగ్రత్త. ఎగువన బంగారం తవ్వకాల వల్ల కొన్నేళ్ళుగా నది నీళ్ళు ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. 2022 జాతరకి ముందు ఆ నీళ్ళు తాగొద్దని అధికారులే చెప్పారు. భక్తితో తీర్థం తీసుకునేవాళ్ళకి ఇది ఎంత కష్టమైన మాటో గంగ, గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి వేరే చెప్పాలా?

పిల్లల్లేని సుంగ్‌బో కందకం – ఇజెబు సీమ

చివరిగా చెప్పేది అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా తక్కువమంది చూసేది. ఒగున్ రాష్ట్రంలో ఇజెబు-ఒడే ఊరి చుట్టుపక్కల సుమారు 160 కిలోమీటర్ల పొడవున మట్టికట్ట, దాని పక్కనే కందకం ఉన్నాయి. ఇజెబు రాజ్యాన్నంతటినీ చుట్టి వస్తాయి. కొన్నిచోట్ల కందకం అడుగు నుంచి కట్ట పైదాకా 20 మీటర్లు, అంటే ఆరంతస్తుల మేడంత. తవ్వి పోసిన మట్టి 35 లక్షల ఘనపు మీటర్లని ఒక అంచనా. యంత్రాల్లేవు, గునపాలూ గంపలూనే. వెయ్యేళ్ళ కిందటిదని కొందరు, ఆరువందల ఏళ్ళ కిందటిదని ఈమధ్య తవ్వి చూసినవాళ్ళు అంటారు. 1990లలో పాట్రిక్ డార్లింగ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు కొలతలు తీసి రాశాక గాని బయటి లోకానికి తెలియలేదు.

దీని పేరు సుంగ్‌బో ఎరెడో. బిలికిసు సుంగ్‌బో అనే ఆవిడ తవ్వించిందని ఇజెబువాళ్ళు చెబుతారు. బాగా డబ్బున్న విధవరాలు, పిల్లలు లేరు. తన తరవాత పేరు చెప్పుకోవడానికి ఎవరూ లేరని, తన గుర్తుగా ఇది తవ్వించిందట. బైబిల్లో, ఖురానులో వచ్చే షేబా రాణి ఈవిడే అని కూడా నమ్ముతారు. షేబా రాణి కాలానికీ దీనికీ వేల ఏళ్ళ తేడా ఉందని చరిత్రకారులు ఒప్పుకోరు. ఆ గొడవ మనకెందుకు?

ఓకె-ఎరి అనే ఊళ్ళో ఆవిడ సమాధి ఉంది. ముస్లిములూ, క్రైస్తవులూ కూడా యాత్రకి వస్తారు. ఎంతో ఆశగా వెళ్ళాను. తీరా అక్కడికి వెళ్ళాక తెలిసింది, ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదట! అది అక్కడి ఆచారం. ఆడమనిషి సమాధికి ఆడవాళ్ళు వెళ్ళకూడదేమిటో! మావారు లోపలికి వెళ్ళొచ్చారు, నేను చెట్టుకింద కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్కడి నుంచి కందకంలోకి దిగాం. దానికి ఏ నిషేధమూ లేదు. లోపల ఎండ పడదు. రెండు వైపులా నిటారుగా లేచిన ఎర్రమట్టి గోడలు, వాటినిండా పచ్చటి నాచు, పైనుంచి వేలాడే తీగలు. బావి అడుగున ఉన్నట్టు చల్లగా ఉంది. గోడమీద చెయ్యి వేసి అలా నడుచుకుంటూ వెళ్ళాను. నాకు బిడ్డ ఉంటే ఈ చోటికి వచ్చేదాన్నా అనిపించింది. వచ్చేదాన్నేమో, కానీ ఇంతసేపు నిలబడేదాన్ని కాదు. ఇన్ని వందల ఏళ్ళ తరవాత, ఎక్కడో కృష్ణాజిల్లాలో పుట్టిన నేను ఆవిడ పేరు రాస్తున్నాను, మీరు చదువుతున్నారు. పేరు నిలబడడానికి దారులు వేరే కూడా ఉన్నాయన్నమాట.

ఈ కందకాన్ని చాలాచోట్ల రోడ్ల కోసం తెగ్గొట్టారు. ఇళ్ళకి మట్టి తవ్వుకుపోతున్నారు, చెత్త పోస్తున్నారు. చూడాలనుకునేవాళ్ళు ఆలస్యం చేయకండి.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

మన ఆడపిల్లలు, కోడళ్ళు ఎంతోమంది ఉద్యోగాల మూలంగా లేగోస్, ఇబాదాన్‌లలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళే అత్తలూ, అమ్మలూ కూడా ఉంటారు. అందుకని నా అనుభవం కొద్దీ చెబుతున్నాను.

* పసుపు జ్వరం టీకా ముందే వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టుతో ఉంచుకోండి. తిరిగి మన దేశం వచ్చేటప్పుడు కూడా అడుగుతారు. మలేరియా మందుల సంగతి డాక్టరుని అడగండి.
* నవంబరు నుంచి మార్చి దాకా వానలుండవు, కొండలెక్కడానికి మంచిది. డిసెంబరు, జనవరిల్లో ఎడారి దుమ్ము గాలి వీస్తుంది, పెదాలు పగులుతాయి. కొబ్బరినూనె సీసా మరవకండి. జలపాతం నిండుగా చూడాలంటే వానల చివర, అంటే అక్టోబరులో వెళ్ళాలి.
* ప్రయాణం పగలే. చీకటి పడేలోగా బస చేరిపోవాలి. రోడ్ల పరిస్థితి ఎలా ఉందో స్థానికుల్ని అడిగి, తెలిసిన డ్రైవరుతో, నలుగురు కలిసి వెళ్ళండి. ఒంటరిగా వద్దు.
* 2021 జూన్ నుంచి లేగోస్, ఇబాదాన్‌ల మధ్య కొత్త రైలు నడుస్తోంది. దారిలో అబెయొకుటా వస్తుంది. అక్కడ ఇతోకు బజారులో నీలిరంగు అదిరె గుడ్డ దొరుకుతుంది. మన కలంకారీ చేతిపనిలాగే అదీ చేత్తోనే. కర్రపెండలం గంజితో బొమ్మ గీసి నీలిలో ముంచుతారు. గంజి అంటినచోట రంగు పట్టదు. పని చేసేదీ, అమ్మేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. చుడీదారుకి చాలా బావుంటుంది.
* దారిలో తినడానికి పులిహోర, చపాతీలు కట్టుకోండి. అవి అయిపోతే వేయించిన అరటికాయ, అకారా ఎక్కడైనా దొరుకుతాయి.
* గట్టి పట్టీల బూట్లు వేసుకోండి. నా చెప్పుల కథ విన్నారుగా!

మొన్న ఫోనులో మా అత్తగారు "ఇంకేం చూశావమ్మా?" అని తనే అడిగారు. కిందటి నెల మా సందులో పిల్లలకి మినపగారెలు చేసి పెట్టాను. చిల్లున్న అకారా చూసి వాళ్ళకి ఒకటే నవ్వు. వేలికి ఉంగరంలా పెట్టుకుని తిన్నారు. అప్పటినుంచీ నన్ను చూడగానే "ఇయా అలకారా!" అని కేకలు. అంటే అకారాలు చేసే అమ్మ అని.

ఎవరైనా నువ్వెవరి అమ్మవి అని అడిగితే ఇప్పుడు చెప్పడానికి నాకూ ఒక పేరుంది.